వలలో డాల్ఫిన్ పడిందని చెబితే కేసా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పేపర్ మాకు ఇచ్ఛాపురం మీదుగా వస్తుంది. ఒక్కోరోజు చేతికి అందేసరికి పది దాటుతుంది, అప్పటికి వేట నుంచి తిరిగొచ్చిన వాళ్లు నా కొట్టు ముందు బల్ల మీద చేరిపోయి ఉంటారు. నాది గంజాం జిల్లా తీరంలో ఐసు, తాళ్లు, వల దారం, బెండ్లు, సీసం గుళ్లు అమ్మే చిన్న కొట్టు. ఊళ్లో అందరం తెలుగువాళ్లమే, ఒడియా వాళ్లు మమ్మల్ని నోళియాలంటారు. పిల్లలు ఒడియా మీడియంలో చదువుతున్నారు, పెద్దవాళ్లలో చాలామందికి ఏ అక్షరమూ రాదు, ఇచ్ఛాపురంలో మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్ దాకా తెలుగులో చదివిన నాలాంటి వాళ్లం నలుగురైదుగురం ఉంటాం. అందుకని పేపర్ పైకి చదివి వినిపించే పని నాకు పడింది.

మొన్నామధ్య అమెరికా చేపల దిగుమతి నియమాల మీద మీరు వేసిన వార్త అలాగే చదివాను. డాల్ఫిన్లు, తిమింగలాలు వలల్లో పడి చావకుండా చూసుకోని దేశాల చేపలు అమెరికా కొనదట అని చదవగానే బల్ల మీద పెద్ద గొడవ. ఒకాయన "ఆడు కొనకపోతే సైనావోడు కొంటాడు" అన్నాడు. ఇంకొకాయన "మనం పట్టే కవ్వలు, కానాగంతలు అమెరికాకి ఎప్పుడెళ్లాయిరా" అన్నాడు. అదీ నిజమే. మీ వార్తలో కూడా ఎగుమతిదారులకు ఎంత నష్టం, డాలర్లు ఎన్ని అనే తప్ప, వల వేసేవాడి సంగతి ఒక్క ముక్క లేదు. డాల్ఫిన్ పడేది ఎగుమతిదారుడి ఏసీ గదిలో కాదు కదండీ, మా బావ వలలో.

ఆ వార్త పట్టుకుని, బరంపురంలో డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి చేత ఫోన్‌లో ఆ అమెరికా చట్టం గురించి వెతికించి, వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని విన్నాను. వాడికి విసుగొచ్చింది గానీ నాకు చాలా తెలిసింది. అందులో ఒక సంగతి మన దగ్గర ఎవరూ మాట్లాడటం లేదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ చట్టం ఇప్పటిది కాదు, 1972 నాటిది. అప్పట్లో తూర్పు పసిఫిక్‌లో ట్యూనా పట్టే పెద్ద పడవలు, డాల్ఫిన్లు కనిపించిన చోట కింద ట్యూనా ఉంటుందని, డాల్ఫిన్ల మందను కలిపే వల చుట్టేసేవి. 1950ల చివరి నుంచి అలా చచ్చిన డాల్ఫిన్లు 60 లక్షలకు పైనే అని వాళ్ల లెక్కలే చెబుతున్నాయి. జనం ఊరుకోలేదు, చట్టం వచ్చింది. చేపల వేటలో పొరపాటున చచ్చే సముద్రపు క్షీరదాల (డాల్ఫిన్లు, తిమింగలాల్లాంటివి) సంఖ్యను సున్నాకు దగ్గరగా తేవాలని అందులో రాసుకున్నారు. వేరే దేశాల నుంచి కొనే చేపకూ ఇదే షరతు అన్న ముక్క కూడా అప్పుడే రాశారు గానీ, దాన్ని నలభై ఏళ్లకు పైగా అటక మీద పెట్టేశారు. 2016లో దించి నియమాలు చేశారు, గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ చివరికి 2026 జనవరి 1 దగ్గర ఆపారు. చెరువుల్లో పెంచే రొయ్యకు దీనితో పేచీ లేదు, చెరువులో డాల్ఫిన్ ఉండదు కాబట్టి. మన దేశం నుంచి అమెరికా వెళ్లేదాంట్లో ఎక్కువ భాగం ఆ చెరువు రొయ్యే. సముద్రంలో పట్టిన సరుక్కే ఈ తంటా అంతా. తాబేలు పేరు చెప్పి సముద్రపు రొయ్యను వాళ్లు ఆపిన గొడవ వేరే ఉంది, అది 1998లో ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది, ఇక్కడ దాని జోలికి పోను.

ఇప్పుడు మా బావ సంగతి.

రెండేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున ఫైబర్ బోటు ఒడ్డుకొచ్చింది. వంజరాల కోసం రాత్రి పెద్ద కన్ను వల వేశారు. బోటులోంచి వల దించుతుంటే మధ్యలో నిలువెత్తు మనిషి దూరేంత బొక్క కనిపించింది. చింపినట్టు లేదు, కత్తితో కోసినట్టు నీటుగా ఉంది. నేను కొట్టులోంచి వెళ్లి ఏమైందని అడిగితే బావ మాట్లాడలేదు, కళాసీలు ఇసక వైపు చూస్తున్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఎవరూ లేకుండా చూసి చెప్పాడు. వల లాగుతుంటే బరువు తగిలిందట, పెద్ద టేకు చేప పడిందనుకున్నారట. లైటు వేసి చూస్తే డాల్ఫిన్. తోక చుట్టూ వల మూడు నాలుగు చుట్లు బిగిసి, ముక్కు దగ్గర నైలాన్ దారం చర్మంలోకి కోసుకుపోయి ఉంది. అది చేప కాదు కదా, మనలాగే ఊపిరి పీల్చుకోవాలి, పైకి రాలేకపోతే కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. ఎప్పుడు పడిందో తెలియదు, ఒళ్లు ఇంకా బిగుసుకోలేదట. బావ దాని తల మీద చెయ్యి వేసి చూశాడట, "ఉడికించిన గుడ్డులాగ నున్నగా ఉంది బావా" అన్నాడు నాతో. తర్వాత నలుగురూ కలిసి చుట్టూ వల కోసి, వలతో సహా నీళ్లలోకి వదిలేశారు. ఆ ముక్క వల నా కొట్టులోనే అరువు మీద కొన్నది, 18 వేలు, ఇంకా బాకీ తీరలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అని అడిగాను. నా వైపు పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు. "సెప్తే కేసు. సెప్పకపోతే వల. వల పోతే మళ్లీ కొనుక్కుంటాం."

ఆ మాట తప్పని నేను అనలేకపోయాను. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా 1972 నాటిదే, అమెరికా వాళ్లదీ మనదీ ఒకే ఏడాది పుట్టాయి. మన తీరంలో తిరిగే డాల్ఫిన్లు షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికి ఎంతో దానికీ అంతే. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా 25 వేలకు తక్కువ కాకుండా. వేట అన్న మాటకు ఆ చట్టంలో చంపడంతో పాటు పట్టుకోవడం కూడా వస్తుంది. కావాలని చేశావా, చీకట్లో తెలియక వల్లో పడిందా అన్నది కోర్టులో లాయరు వాదిస్తాడేమో గానీ, ఒడ్డు మీద నిలబడ్డ వాడికి ఆ తేడా ఎవరు చెబుతారు? ఇంకో తమాషా ఉంది. అదే చట్టం 39వ సెక్షన్ ప్రకారం అలాంటి జంతువు ప్రభుత్వ ఆస్తి, చచ్చి దొరికినా సరే, చేతికి చిక్కినవాడు 48 గంటల్లోగా పోలీసులకో సంబంధిత అధికారికో చెప్పాలి. అంటే చెప్పాలని చట్టంలో ఉంది, కానీ చెప్పినవాడికి ఏమీ కాదన్న భరోసా మా ఒడ్డు మీద ఎవరికీ లేదు.

అమెరికా చట్టం చూస్తున్నప్పుడు సరిగ్గా ఇక్కడే నేను ఆగిపోయాను. వాళ్లూ 48 గంటలే పెట్టారు! వాణిజ్య వేటకు వెళ్లిన పడవ వల్లో సముద్రపు క్షీరదం పడి చచ్చినా, దెబ్బ తగిలినా, ట్రిప్పు ముగిసిన 48 గంటల్లో పడవ యజమాని రిపోర్టు ఇవ్వాలి. 1994 సవరణ నుంచి ఇది ఉంది. ప్రమాదం ఎక్కువున్న రకం వేట అయితే ముందే పేరు నమోదు చేయించుకోవాలి. అలా నమోదై, నియమాలు పాటించి, పడిందని చెప్పినవాడి మీద ఆ ప్రమాదానికి శిక్ష లేదు. చెప్పకుండా దాచినవాడికి ఉంది, కావాలని చంపినవాడికి ఉంది. అంతరించిపోయే దశలో ఉన్నవాటికి ఇంకా గట్టి షరతులున్నాయి, సరే. కానీ మొత్తం చట్టం నిలబడింది జాలరి నోరు విప్పడం మీద. మన దగ్గర జాలరి నోరు మూసుకోవడం మీద నడుస్తోంది.

దానివల్ల ఎవరికి నష్టం? డాల్ఫిన్‌కే. ఎందుకంటే ఎన్ని పడుతున్నాయో తెలియకుండా ఎన్నింటి దాకా తట్టుకోగలవో ఎవరు చెప్పగలరు. వాళ్లకొక లెక్క ఉంది, మా అబ్బాయి కాగితం మీద వేసి చూపించాడు. ఒక సముద్రంలో ఫలానా రకం కనీసం ఎన్ని ఉన్నాయో తీసుకుంటారు, దాన్ని ఏడాదికి అవి పెరగగలిగే రేటులో సగంతో గుణిస్తారు, మళ్లీ ఒక జాగ్రత్త అంకెతో గుణిస్తారు. వచ్చినంత వరకే మనుషుల వల్ల చావచ్చు, అది దాటితే ఆ వేట మీద కట్టుబాట్లు పెట్టడానికి జాలర్లను, శాస్త్రవేత్తలను, అధికారులను, పర్యావరణం వాళ్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెడతారు. డాల్ఫిన్ల లాంటివాటికి పెరుగుదల ఏడాదికి నూటికి నాలుగు అనుకుంటారు, బాగా ప్రమాదంలో ఉన్నవాటికి జాగ్రత్త అంకె 0.1.

ఇది విన్నాక నేనే వాణ్ని చిలికా లెక్క కట్టమన్నాను. చిలికాలో ఇరావతి డాల్ఫిన్లు ఉజ్జాయింపుగా 150 అనుకుందాం, ఈ మధ్య ఏటా లెక్కపెడుతున్నప్పుడు ఆ చుట్టుపక్కలే తేలుతున్నాయి. 150ని 0.02తో, దాన్ని 0.1తో గుణిస్తే 0.3. అంటే మూడేళ్లకు ఒకటి! సరిగ్గా చూస్తే మూడేళ్లలో ఒక్కటి చచ్చినా కాస్త ఎక్కువే. నేను నమ్మక రెండుసార్లు కట్టించాను. చిలికాలో వలకో, టూరిస్టు బోటు రెక్కలకో చచ్చి తేలినవాటి ఫోటోలు పేపర్లో ఎన్నిసార్లు చూశామో మీకే తెలుసు. ఇది అమెరికా సూత్రం, మన ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క కాదు, నాలాంటి ఐసు కొట్టువాడు వేసిన లెక్క, అయినా చదివాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే బావ వలలో పడ్డ ఆ ఒక్కటి ఏ లెక్కలోనూ లేదు. అది చిలికాది కాకపోవచ్చు, మా సముద్రంలో మూపురం ఉన్న డాల్ఫిన్లు కూడా తిరుగుతాయి, చీకట్లో ఏ రకమో ఎవరూ చూడలేదు. మునిగిపోయింది, అంతే. హిందూ మహాసముద్రం మొత్తంలో ట్యూనా గిల్‌నెట్లలో, అంటే చేప మొప్పల దగ్గర ఇరుక్కునే వలల్లో, 1950 నుంచి 2018 దాకా 41 లక్షల చిన్న తిమింగలాలు, డాల్ఫిన్లు పడి ఉంటాయని 2020లో కొందరు పరిశోధకులు అంచనా వేశారట. అంచనాయే, ఎందుకంటే చెప్పేవాడు లేడు.

ఇంకొకటి మా సరిహద్దు గోల. గట్టు దాటితే అటు ఆంధ్రలో శ్రీకాకుళం, ఇటు ఒడిశాలో గంజాం. ఒడిశాలో తాబేళ్ల కోసం రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా మరబోట్లకు వేట బందు. ఒడ్డు నుంచి మరబోటు ఎంత దూరంలో ఉండాలన్నది ఒడిశాలో 5 కిలోమీటర్లు, ఆంధ్రలో 8 కిలోమీటర్లు. ఇవన్నీ ఎందుకు పెట్టారో నేను కాదనను, మా పిల్లలే రుషికుల్య దగ్గర తాబేలు పిల్లల్ని బుట్టల్లో ఎత్తి నీళ్లలో వదిలారు. కానీ నోటీసు ఏ భాషలో వస్తుంది? ఒడియాలో, ఇంగ్లీషులో. మా వీధిలో ఒకసారి గోడ మీద అతికించిన కాగితం చూసి ఒక ముసలాయన "ఇది సారా కొట్టు వేలం పాటా?" అని అడిగాడు. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ ఆయన మీదే రేపు కేసు పెడితే "చట్టం తెలియదనడం సాకు కాదు" అంటారు. డాల్ఫిన్ వల్లో పడితే ఏం చెయ్యాలి, బతికుంటే ఎలా విప్పాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆ ఫోన్ ఎత్తినవాడికి తెలుగు వస్తుందా? వీటికి నా పాతికేళ్ల కొట్టులో ఒక్క కాగితం ముక్క రాలేదు.

చెప్పినవాడిని వదిలేస్తే అందరూ కావాలనే చంపి "పొరపాటున పడింది" అంటారు కదా అని మీ పాఠకులు అడగొచ్చు. బల్ల మీద మా చిన్నాన్న కూడా అదే అడిగాడు. అడగాల్సిందే. కానీ డాల్ఫిన్‌ను చంపి మేం చేసుకునేదేముంది? మా ఒడ్డున అది తినరు, అమ్మకం లేదు, వల పాడు, రాత్రంతా చేసిన వేట పాడు. మాకు అది వద్దు. పైగా నేననేది ఊరికే వదిలేయమని కాదు, చావులకు ఒక హద్దు పెట్టమని. ఇందాక చెప్పిన పసిఫిక్ ట్యూనా పడవలే చూడండి. 1999లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం ప్రతి పెద్ద పడవకు ఏడాదికి ఇన్ని డాల్ఫిన్లు అని పరిమితి ఇస్తారు, ప్రతి ట్రిప్పులో ఒక పరిశీలకుడు ఎక్కి లెక్క రాస్తాడు, పరిమితి అయిపోతే ఆ పడవ ఆ ఏడాదికి డాల్ఫిన్ల మీద వల చుట్టడం ఆపేయాలి. అన్ని పడవలకూ కలిపి 5,000 దాటకూడదని పెట్టుకున్నారు, ఇప్పుడు చచ్చేవి వెయ్యి కూడా ఉండటం లేదు. ఒకప్పుడు లక్షల్లో చచ్చిన చోట. వల ఒక పక్క అంచు కిందికి దించి డాల్ఫిన్లను బయటికి జారనిచ్చే పద్ధతి కనిపెట్టింది కూడా ఆఫీసుల్లో వాళ్లు కాదు, పడవ నడిపేవాళ్లే.

అంత దూరం ఎందుకు, పాకిస్తాన్‌లో ట్యూనా గిల్‌నెట్ పడవలవాళ్లు వలను నీటి మీదికి కాకుండా రెండు మీటర్లు కిందికి దింపి వేసి చూశారు. డాల్ఫిన్లు పడటం బాగా తగ్గింది. అక్కడ లెక్క రాసింది పడవల్లోని సరంగులే, వాళ్లకు నేర్పించి వాళ్ల చేతే రాయించారు. ఈ సంగతి బావతో చెబితే వెంటనే చెయ్యి చాచి చూపిస్తూ "బెండుకీ వలకీ మద్దెన తాడు పొడుగు పెంచాలి, అంతే కదా, దానికి ఏటవుద్ది" అన్నాడు. వంజరం తగ్గుతుందేమోనని మళ్లీ తనే సందేహపడ్డాడు, అది వేసి చూస్తే గానీ తెలియదు. వలకు పింగర్లని బ్యాటరీతో కూతపెట్టే డబ్బాలు కట్టే పద్ధతి కూడా కొన్ని దేశాల్లో ఉంది, మావాళ్లు వాటి గురించి విని ముందు అడిగింది బ్యాటరీ ఎవడు కొంటాడని.

డబ్బు మాటకొస్తే, మహారాష్ట్రలో 2018 చివరి నుంచి ఒక పథకం నడుస్తోంది. డాల్ఫిన్, తాబేలు, తిమింగల సొర లాంటివి వల్లో పడితే జాలరి వల కోసి బతికుండగా వదిలేసి, ఫోటోనో వీడియోనో చూపిస్తే, పోయిన వలకు 25 వేల దాకా పరిహారం ఇస్తారు. గుజరాత్‌లో తిమింగల సొరకు అంతకంటే ముందే ఇలాంటిది ఉంది. ఒకప్పుడు దాన్ని వేటాడిన జాలర్లే ఇప్పుడు వల కోసి వదులుతున్నారు. మా బోట్లలో కూడా ప్రతి కుర్రాడి చేతిలో కెమెరా ఫోన్ ఉంది. ఆ రాత్రి బావ వాళ్లు ఫోటో తీయలేదు. తీసిన ఒక కుర్రాడి చేత అక్కడే డిలీట్ చేయించారు. పరిహారం ఉన్న చోట ఆ ఫోటో విలువ 18 వేల వల. మా దగ్గర అదే ఫోటో సాక్ష్యం అవుతుంది, ఏడేళ్ల జైలుకు.

చచ్చినదానికి కూడా పరిహారం ఇమ్మని నేను అడగటం లేదు, అది తప్పుదారి పట్టిస్తుంది. చచ్చిందని చెప్పినవాడి మీద కేసు పెట్టబోమని రాతపూర్వకంగా, తెలుగులో, ఒడియాలో చెప్పమంటున్నాను. రెండు మూడేళ్లు అలా చెప్పించి రాసుకుంటే గంజాం నుంచి శ్రీకాకుళం దాకా ఏడాదికి ఎన్ని పడుతున్నాయో, ఏ నెలలో, ఏ వలకు, ఎంత లోతులో పడుతున్నాయో తెలుస్తుంది. అప్పుడు ఒక అంకె పెట్టండి, ఆ అంకె దాటితే ఆ వల ఆ నెలలో వేయొద్దని చెప్పండి, మేం ఒప్పుకోం అనుకుంటున్నారేమో, తాబేళ్లకు ఏడు నెలలు ఒప్పుకున్నవాళ్లం. కానీ రెండు రాష్ట్రాలు కలిసి చెయ్యాలి. ఇటు ఒడిశా వాళ్లు కట్టడి చేస్తే అటు నుంచి బోట్లు వచ్చి వేసుకుపోతాయి, మేం వెళ్లినా అంతే. సముద్రంలో రాష్ట్రాల గట్టు కనపడదు.

అమెరికా కొంటుందా కొనదా అన్నది పక్కన పెట్టి, ఈసారి మీరు ఈ విషయం మీద వార్త వేసేటప్పుడు మత్స్యశాఖను, అటవీశాఖను రెండింటినీ ఈ ఒక్క ప్రశ్న అడగండి: వల్లో పడి చచ్చిందని వచ్చి చెప్పిన జాలరిని ఏం చేస్తారు? సమాధానం ఏదైనా సరే, మీ పేపర్లో వేయండి, నేను బల్ల మీద పైకి చదువుతాను.

ఈ ఉత్తరం రాయడానికి బావ ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. బోటు రంగు రాశానేమో చూడమని రెండుసార్లు చదివించుకున్నాడు. రాయలేదు. దయచేసి నా పేరు, ఊరి పేరు అచ్చు వేయకండి, గంజాం జిల్లా అని మాత్రం వేస్తే చాలు.

– ఒక పాఠకుడు, గంజాం జిల్లా, ఒడిశా